ముక్కుదూలం వంకరకు శస్త్రచికిత్స: తొలగింపు నుంచి పరిరక్షణ దాకా - చారిత్రక, తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

రెండు నాసారంధ్రాల నడుమ ఉండే గోడను తెలుగువారు ముక్కుదూలం అంటారు. అది ఒక పక్కకు ఒరిగితే ఊపిరి సరిగా ఆడదు. ఈ బాధ మనిషికి కొత్తది కాదు. దానిని శస్త్రచికిత్సతో సరిచేసే పద్ధతులు మాత్రం గడచిన రెండు శతాబ్దాలలోనే రూపుదిద్దుకొన్నాయి. 19వ శతాబ్దపు విరుపు, కోత పద్ధతులు, 20వ శతాబ్దారంభంలో ఫ్రీర్, కిలియన్‌లు స్థిరపరచిన సబ్‌మ్యూకస్ రిసెక్షన్, మెట్జెన్‌బామ్, కాటిల్‌ల కృషితో ఎదిగిన సెప్టోప్లాస్టీ, ఆ తరువాతి ఎండోస్కోప్ పద్ధతి, దూలాన్ని బయటికి తీసి పునర్నిర్మించే పద్ధతి - వీటిని చారిత్రకక్రమంలో పోల్చి చూడడం ఈ వ్యాసం లక్ష్యం. “ఎంత తీయాలి?” అన్న ప్రశ్న “ఎంత నిలపాలి?” అన్న ప్రశ్నగా మారడమే ఈ చరిత్రలోని ప్రధానపరిణామమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ముక్కుదూలం, మృదులాస్థి, సబ్‌మ్యూకస్ రిసెక్షన్, సెప్టోప్లాస్టీ, కిలియన్, కాటిల్, ఎండోస్కోప్, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పత్రికల ఆరోగ్యశీర్షికలలో తరచుగా కనిపించే మాట ‘ముక్కుదూలం వంకర’. ఒక ముక్కురంధ్రం ఎప్పుడూ మూసుకుపోయినట్లుండడం, రాత్రి నోటితో ఊపిరి తీయడం, గురక, నిద్రలేమి - ఇలా పాఠకులు రాసే ప్రశ్నలకు వైద్యులు చెప్పే సమాధానాలలో ఈ మాట వస్తుంది. వెంటనే ఆపరేషన్ ప్రస్తావనా వస్తుంది. ఆ వెనుకనే జనంలో ప్రచారంలో ఉన్న ఒక భయం కూడా వినిపిస్తుంది: “ముక్కు ఆపరేషన్ ఒకసారి చేయించుకుంటే సరిపోదు, మళ్ళీ మళ్ళీ చేయించుకోవాలి” అని.

ఈ భయానికి ఆధారం ఉన్నదా? ఉంటే అది ఏ కాలపు శస్త్రచికిత్సకు సంబంధించినది? ఈ ప్రశ్నలకు సమాధానం వైద్యగ్రంథాలలో విడివిడిగా దొరుకుతుంది. వాటిని ఒక చరిత్రగా కూర్చి తెలుగులో చెప్పవలసిన అవసరం ఉంది. శస్త్రచికిత్సకు అంగీకారపత్రం మీద సంతకం చేసే మనిషికి తన శరీరంలో ఏ భాగాన్ని తీస్తారో, ఏ భాగాన్ని ఉంచుతారో తన భాషలో తెలియాలి. వైద్యచరిత్ర సాహిత్యవిద్యార్థికి పరాయి రంగంగా కనిపించవచ్చు. అయితే ఒక పదం ఒక అవయవాన్ని ఎలా చూపిస్తుంది, ఆ చూపు చికిత్సను ఎలా నిర్ణయిస్తుంది అన్నవి భాషతో ముడిపడిన ప్రశ్నలే. ఈ వ్యాసం ఆ దృష్టితో సాగుతుంది. ఇది చికిత్సకు సలహా కాదు, చికిత్సల చరిత్ర.

2. ముక్కుదూలం - పేరు, నిర్మాణం:

ఇంటికప్పు బరువును మోసేది దూలం. ముక్కు నడిమి భాగానికి ఆ పేరు పెట్టిన తెలుగు వ్యవహారం దానిని బరువు మోసే కట్టడంగా గుర్తించింది. బులాకీ వేలాడేది కూడా రెండు రంధ్రాల నడిమి చోటునే. ఈ గోడను సూచించే ‘సెప్టమ్’ అన్న లాటిన్ మాటకు కంచె, అడ్డుగోడ అని అర్థం. అడ్డుగోడ అనుకొంటే దానిలో కొంత పడగొట్టినా ఇల్లు నిలుస్తుంది. దూలం అనుకొంటే చేయి వేసేముందు ఆలోచించవలసి వస్తుంది. ఈ రెండు పేర్లు సూచించే రెండు ఊహలూ శస్త్రచికిత్స చరిత్రలో వేరువేరు కాలాలలో ఆచరణలోకి రావడం గమనార్హం.

ముక్కుదూలం ఒకే ఎముక కాదు. ముందుభాగంలో చతుర్భుజాకారపు మృదులాస్థి ఉంటుంది. దాని వెనుక పైవైపున ఎథ్మాయిడ్ ఎముక నిలువు పలక, కింది వైపున వోమర్ ఎముక ఉంటాయి. వోమర్ అంటే లాటిన్‌లో నాగటికర్రు. ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. అడుగున పైదవడ ఎముక మీద సన్నని గట్టు, అందులో గాడి ఉంటాయి. మృదులాస్థి అంచు ఆ గాడిలో కూర్చొని ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు గాని, ఎదుగుదలలో తేడా వచ్చినప్పుడు గాని అంచు గాడి తప్పి పక్కకు జరుగుతుంది. కొందరిలో దూలం విల్లులా వంగుతుంది. మరికొందరిలో మృదులాస్థి, ఎముక కలిసే చోట ముల్లులాంటి పొడుచుకు వస్తుంది. ‘వంకర’ అన్న ఒక్క మాట కింద ఇన్ని భేదాలున్నాయి.

ఈ గోడకు ఇరువైపులా శ్లేష్మపొర ఉంటుంది. మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు ఉండవు. దానిని అంటిపెట్టుకొన్న ఆవరణపొర నుంచే పోషణ అందుతుంది. కనుక శస్త్రచికిత్సలో రెండు వైపుల పొరలూ ఒకే చోట చిరిగితే అక్కడ శాశ్వతంగా రంధ్రం పడే ప్రమాదం ఉంది. ముక్కు వెన్ను కుంగకుండా, కొన వాలకుండా నిలపడంలో మృదులాస్థి పైఅంచుకూ ముందంచుకూ ప్రధానపాత్ర ఉంది. తరువాతి చరిత్రలో వచ్చిన జయాపజయాలన్నీ ఈ రెండు విషయాలతో ముడిపడినవే.

3. ప్రాచీన ఆధారాలు - ఏది పూర్వరూపం, ఏది కాదు:

ముక్కు శస్త్రచికిత్స అనగానే భారతీయులకు సుశ్రుతుడు గుర్తుకు వస్తాడు. సుశ్రుతసంహిత సూత్రస్థానం 16వ అధ్యాయంలో తెగిన ముక్కును చర్మంతో తిరిగి నిర్మించే విధానం ఉంది. ఇదే సంప్రదాయానికి చెందిన మరో ఘట్టం 1794లో లండన్‌లోని ‘జెంటిల్మన్స్ మేగజీన్’లో అచ్చయింది. ఆంగ్లసైన్యంలో ఎడ్లబండి తోలే కవాస్జీ అనే వ్యక్తి టిప్పు సైన్యానికి చిక్కి ముక్కు కోల్పోగా, పుణె ప్రాంతపు స్థానిక చికిత్సకుడొకరు నుదుటిచర్మంతో కొత్తముక్కు కట్టిన వృత్తాంతం అది. దానిని చదివిన జోసెఫ్ కార్ప్యూ 1814లో లండన్‌లో ఆ పద్ధతిని అనుసరించాడు.

ఇవన్నీ చారిత్రకసత్యాలే. అయితే ఇవి ముక్కు పైచర్మాన్ని, ఆకారాన్ని పునర్నిర్మించిన చికిత్సలు. లోపలి గోడను సరిచేసి గాలిదారిని తెరిచే శస్త్రచికిత్స వీటిలో లేదు. రెండింటినీ కలిపివేసి నేటి సెప్టోప్లాస్టీని సుశ్రుతుడికి ఆపాదించడం ఆయన గొప్పతనాన్ని పెంచదు. చరిత్రను మాత్రం మసకబరుస్తుంది.

సుశ్రుతసంహితలో ఈ విషయానికి నిజంగా దగ్గరగా వచ్చేది మరొకటి ఉంది. చికిత్సాస్థానం 3వ అధ్యాయం విరిగిన ఎముకల చికిత్సను చెబుతుంది. అందులో అణగిపోయిన ముక్కును శలాకతో పైకెత్తి నిటారు చేసి, రెండు రంధ్రాలలో రెండువైపులా తెరచి ఉన్న గొట్టాలను ఉంచి, పైన గుడ్డతో కట్టాలన్న సూచన ఉంది. గాయం మానేవరకు గొట్టాలు లోపలి ఆకారాన్ని నిలుపుతాయి. ఊపిరికీ దారి ఉంటుంది. ఈజిప్టుకు చెందిన, క్రీ.పూ. 1600 ప్రాంతపు ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో కూడా ముక్కు దెబ్బలకు నారగుడ్డ వత్తులను రంధ్రాలలో ఉంచే పద్ధతి కనిపిస్తుంది. విరిగిన ముక్కును లోపలినుంచి నిలపాలన్న ఆలోచన రెండు నాగరికతలలోనూ ఉన్నదని దీనివల్ల స్పష్టమవుతోంది. నేటికీ శస్త్రచికిత్స తరువాత దూలానికి ఇరువైపులా సిలికాన్ బద్దలు అమర్చే ఆచారం ఉంది. ప్రాచీనులతో సంబంధం వెతకాలంటే ఇక్కడే వెతకాలి.

4. విరుపు, కోత - 19వ శతాబ్దం:

దూలం వంకరను ప్రత్యేకమైన సమస్యగా గుర్తించి రాసినవారిలో 18వ శతాబ్దపు లైప్‌జిగ్ వైద్యుడు క్వెల్‌మాల్ట్స్ ముందువరుసలో ఉంటాడు. ఆయన సూచించిన చికిత్స సరళమైనది: వంగిన వైపు రోజూ వేలితో నొక్కడం. ఎదిగిన మృదులాస్థి వేలి ఒత్తిడికి లొంగదు. కాని కోయకుండా సరిచేయాలన్న ఆకాంక్ష అందులో ఉంది.

19వ శతాబ్దపు వైద్యులు రెండు దారులు పట్టారు. మొదటిది విరుపు. 1875లో లండన్ వైద్యుడు విలియం ఆడమ్స్ వంగిన దూలాన్ని పట్టుకారుతో బలంగా విరిచి నడిమికి తెచ్చి, మానేవరకు బద్దలతో బిగించే పద్ధతిని వివరించాడు. 1890ల దశకంలో న్యూయార్క్ వైద్యుడు మారిస్ ఆష్ మృదులాస్థికి అడ్డంగా, నిలువుగా కోతలు పెట్టి, దాని బిగువును తగ్గించి, ఆ తరువాత నిటారుగా నిలిపేవాడు. ఆయన పేరుతో ఉన్న పట్టుకారు నేటికీ ముక్కు విరుగుళ్ళను సరిచేయడానికి వాడుకలో ఉంది. ఆష్ పద్ధతిలో ఒక కొత్త ఊహ ఉంది: మృదులాస్థి వంకరకు కారణం దానిలోని బిగువే. ఈ ఊహకు శాస్త్రీయనిరూపణ లభించడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది.

రెండవ దారి కోత. న్యూయార్క్‌కే చెందిన ఫ్రాంక్ బాస్వర్త్ 1880లలో దూలం నుంచి పొడుచుకు వచ్చిన భాగాన్ని చిన్నరంపంతో శ్లేష్మపొరతో సహా కోసివేసేవాడు. అడ్డం తొలగి గాలి ఆడేది. కాని పొరలేని చోట పుండు మానడానికి చాలాకాలం పట్టేది, పక్కులు కట్టేవి, రంధ్రాలు పడేవి. 1882లో షికాగో వైద్యుడు ఎఫ్రయిమ్ ఇంగల్స్ మృదులాస్థిలోంచి కొంతభాగాన్ని ఒకే ముక్కగా తీసే శస్త్రచికిత్సను ప్రకటించాడు. ఆధునిక పద్ధతులకు ఆయనను ఆద్యుడిగా భావించే వైద్యచరిత్రకారులున్నారు.

ఈ కాలపు శస్త్రచికిత్సలు మొరటుగా ఉండడానికి కారణం వైద్యుల అజ్ఞానమొక్కటే కాదు. నొప్పి తెలియకుండా, రక్తం కమ్ముకోకుండా ముక్కులోపల నెమ్మదిగా పనిచేసే వీలు వారికి లేదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్‌కు స్థానికంగా స్పర్శ తెలియకుండా చేసే గుణం ఉన్నదని నిరూపించాడు. 1901 నాటికి జోకిచి టకమినే అడ్రినలిన్‌ను శుద్ధరూపంలో వేరుచేశాడు. అది రక్తనాళాలను కుదించి రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. ఈ రెండూ చేతికి వచ్చిన వెంటనే ముక్కు శస్త్రచికిత్స స్వరూపం మారిపోవడం యాదృచ్ఛికం కాదు.

5. ఫ్రీర్, కిలియన్ - పొర కింద కోత:

1902లో షికాగోలో ఆటో ఫ్రీర్, 1904లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్తావ్ కిలియన్ దాదాపు ఒకే పద్ధతిని వేరువేరుగా ప్రచురించారు. అదే సబ్‌మ్యూకస్ రిసెక్షన్. వైద్యులు దానిని సంక్షిప్తంగా ఎస్.ఎమ్.ఆర్. అంటారు. శ్లేష్మపొర అడుగున కోసితీయడం అని దాని అర్థం.

కిలియన్ పద్ధతిలో మృదులాస్థి ముందంచుకు కొంచెం వెనుకగా ఒకవైపు పొర మీద కోత పెడతారు. అక్కడినుంచి పొరను ఆవరణతో సహా మృదులాస్థి నుంచి లేపుతారు. తరువాత మృదులాస్థిని మాత్రమే కోసి, ఆ సందులోంచి అవతలివైపు పొరను కూడా లేపుతారు. నడుమ బయటపడిన వంకర మృదులాస్థిని, ఎముకను తీసివేసి, రెండు పొరలను కలిపివేస్తారు. బాస్వర్త్ రంపానికీ దీనికీ ఉన్న తేడా స్పష్టం: ఇక్కడ పొర మిగులుతుంది. ముక్కులోపల పుండు ఉండదు. గాలిని తడిపి, వెచ్చజేసే పని ఆగదు.

కిలియన్ మరో జాగ్రత్త కూడా చెప్పాడు. పైఅంచున, ముందంచున మృదులాస్థిని పట్టీలుగా తప్పక మిగల్చాలని ఆయన నొక్కిచెప్పాడు. ఈ రెండు పట్టీలూ కలిసి ఆంగ్లాక్షరం ‘ఎల్’ ఆకారంలో ఉంటాయి. కనీసం ఒక సెంటీమీటరు వెడల్పు ఉండాలన్నది నేటికీ శస్త్రవైద్యులు పాటించే సూత్రం. అంటే తొలగింపు పద్ధతిగా పేరుపడిన ఎస్.ఎమ్.ఆర్.లోనే దూలాన్ని దూలంగా గుర్తించిన సూచన ఉంది.

ఈ పద్ధతి త్వరలోనే లోకమంతా వ్యాపించింది. వ్యాప్తితోపాటు దుష్ఫలితాలూ బయటపడ్డాయి. ఎక్కువ తీసిన చోట ముక్కువెన్ను కుంగి గుర్రపుజీను ఆకారంలోకి వచ్చేది. ముక్కుకొన వాలిపోయేది. మృదులాస్థి లేని రెండు పొరలు ఊపిరితో పాటు అటూఇటూ ఊగేవి. ఆపరేషన్ అయినా ఊపిరి ఆడడం లేదని రోగి చెప్పేవాడు. కొందరిలో రంధ్రం పడి ఊపిరి తీసినప్పుడల్లా ఈలశబ్దం వచ్చేది. పిల్లల్లో మృదులాస్థి ముక్కు ఎదుగుదలకు కేంద్రం. దానిని తీసివేస్తే ముక్కు, దానితో పాటు ముఖమధ్యభాగం సరిగా ఎదగకపోయే ప్రమాదం ఉంది.

ఎస్.ఎమ్.ఆర్.కు నిర్మాణపరమైన పరిమితి కూడా ఉంది. కోత ముందంచుకు వెనుకగా ఉంటుంది కనుక ముందంచే వంకరపోయి ఉన్నవారికి ఈ పద్ధతి చేరదు. మిగల్చవలసిన పట్టీయే వంగి ఉంటే ఏం చేయాలి? తీస్తే ముక్కు వాలుతుంది, ఉంచితే ఊపిరాడదు. తరువాతి అర్ధశతాబ్దపు అన్వేషణ అంతా ఈ చిక్కు చుట్టూ తిరిగింది.

6. మెట్జెన్‌బామ్ నుంచి కాటిల్ దాకా - నిలిపి సరిచేయడం:

1929లో క్లీవ్‌లాండ్ వైద్యుడు మైరన్ మెట్జెన్‌బామ్ ఆ చిక్కుకు ఒక సమాధానం చెప్పాడు. గాడి తప్పిన ముందంచును కోసి పారవేయనక్కరలేదు. అడుగున ఉన్న బంధాన్ని విడదీస్తే మృదులాస్థి తలుపురెక్కలా కదులుతుంది. దానిని నడిమికి జరిపి నిలపవచ్చు. అందుకే దీనికి ఊగే తలుపు పద్ధతి అన్న పేరు స్థిరపడింది. తన వ్యాసశీర్షికలోనే ఆయన తిరిగి అమర్చడాన్నీ, కోసితీయడాన్నీ ఎదురెదురుగా నిలబెట్టాడు. 1937లో లిండన్ పియర్ మరో అడుగు వేసి, వంగిన ముందుభాగాన్ని బయటికి తీసి, నిటారుగా చేసి, తిరిగి నడిమిలో అమర్చాడు. తీసిన మృదులాస్థి వ్యర్థం కాదని, దానితోనే మళ్ళీ కట్టవచ్చని దీనితో తేలింది.

ఈ విడివిడి ప్రయత్నాలకు ఒక సిద్ధాంతరూపం ఇచ్చినవాడు షికాగోకు చెందిన మారిస్ కాటిల్. ఆయన మృదులాస్థి ముందంచు మీదనే కోతపెట్టాడు. కిలియన్ కోత చేరలేని చోటికి ఈ కోత నేరుగా చేరుతుంది. 1958లో సహచరులతో కలిసి ప్రచురించిన వ్యాసంలో, దూలం ఇరువైపులా, అడుగున పైదవడ గట్టు మీద పొర కింద సొరంగాలు చేసుకొంటూ వెళ్ళి, మొత్తం దూలాన్ని కంటికెదురుగా తెచ్చుకొనే మార్గాన్ని చూపించాడు. అడ్డుపడిన ఎముక ముల్లును, గాడిలో ఇమడని మృదులాస్థి అంచును సన్నని పట్టీగా మాత్రమే తీస్తారు. మిగిలినదానిని నడిమికి జరుపుతారు. ఖాళీ పడిన చోట తీసిన ముక్కలనే తిరిగి అమరుస్తారు. ఇదే సెప్టోప్లాస్టీ.

కాటిల్ ముక్కును ఆకారం, శ్వాస విడివిడిగా లేని ఒకే అవయవంగా చూశాడు. చెంపను పక్కకు లాగినప్పుడు గాలి బాగా ఆడుతున్నదా అని చూసే పరీక్ష ఆయన పేరుతోనే ఉంది. సన్నబాట ముక్కు ముందుభాగంలోనే ఉన్నదేమో తెలుసుకోవడానికి అది తోడ్పడుతుంది. 1954లో అమెరికన్ రైనోలాజిక్ సొసైటీ స్థాపనలో ఆయనది ముఖ్యపాత్ర. అక్కడి శిక్షణల ద్వారా ఈ దృక్పథం తరువాతి తరానికి అందింది.

7. మృదులాస్థిలోని బిగువు:

నడిమికి జరిపిన దూలం కొన్నాళ్ళకు మళ్ళీ వంగడం సెప్టోప్లాస్టీ ఎదుర్కొన్న సమస్య. 1958లోనే గిబ్సన్, డేవిస్ అనే బ్రిటిష్ వైద్యులు మృదులాస్థి ముక్కలు ఎందుకు వంకరపోతాయో వివరించారు. మృదులాస్థి ఉపరితలంలో సాగే బిగువు, లోపలిభాగంలో దానిని ఎదిరించే ఒత్తిడి ఉంటాయి. రెండువైపులా సమంగా ఉన్నంతవరకు అది నిలకడగా ఉంటుంది. ఒకవైపు ఉపరితలాన్ని గీస్తే అక్కడి బిగువు సడలి, మృదులాస్థి రెండోవైపుకు వంగుతుంది. ఫ్రై అనే పరిశోధకుడు 1966లో ముక్కుదూలపు మృదులాస్థికి కూడా ఈ సూత్రం వర్తిస్తుందని చూపించాడు.

పలకను ఒకవైపే చిత్రిక పడితే వంగుతుందని వడ్రంగికి తెలుసు. శస్త్రవైద్యులు ఈ గుణాన్నే చికిత్సగా మార్చుకొన్నారు. లోపలికి గుంటపడిన వైపు సన్నని గీతలు గీస్తే మృదులాస్థి నిటారుగా అవుతుంది. అయితే గీతలు లోతైతే మృదులాస్థి బలహీనపడుతుంది. తక్కువైతే పాత వంకర తిరిగి వస్తుంది. అందువల్ల గీతలతోపాటు నిటారైన మృదులాస్థి ముక్కను గాని, సన్నని ఎముకపలకను గాని ఆసరాగా కుట్టే పద్ధతులు వచ్చాయి. “మళ్ళీ వంగుతుంది” అన్న ప్రజల మాటకు ఉన్న శాస్త్రీయ ఆధారాలలో ఇది ఒకటి.

8. రెండు కొత్త దారులు - బయటి బల్ల, లోపలి కన్ను:

దూలం అనేకచోట్ల విరిగి, ముక్కు బయటికి కూడా వంకరగా కనిపించేవారిలో లోపల చేసే సవరణలు చాలవు. 1952లో కింగ్, ఆష్లీ అనే వైద్యులు దూలాన్ని మొత్తంగా బయటికి తీసి, శస్త్రచికిత్స బల్లమీద సరిచేసి, తిరిగి అమర్చే విధానాన్ని ప్రచురించారు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వోల్ఫ్‌గాంగ్ గుబిష్ ఈ విధానాన్ని విస్తృతంగా ఆచరించి, 1995లో తన అనుభవాన్ని ప్రచురించి ప్రాచుర్యంలోకి తెచ్చాడు. ఇందులో క్లిష్టమైన ఘట్టం తిరిగి అమర్చడమే. ముక్కు ఎముకల దగ్గర, అడుగున పైదవడ గట్టు దగ్గర గట్టిగా కుట్టకపోతే ముక్కువెన్ను మెట్టులా దిగుతుంది. అందుకే పైఅంచున కొంతభాగాన్ని కదపకుండా ఉంచి మిగిలినది మాత్రమే మార్చే సవరణలు తరువాత వచ్చాయి. సర్వం బయటికి తీసే పద్ధతి కూడా చివరికి కొంత నిలపడం వైపే మొగ్గింది.

రెండవ దారి కాంతికి సంబంధించినది. కిలియన్ నుంచి కాటిల్ దాకా వైద్యులు నుదుటి వెలుతురుతో, ముందునుంచి మాత్రమే చూస్తూ పనిచేశారు. బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ రూపొందించిన కడ్డీకటకాల వ్యవస్థవల్ల సన్నని ఎండోస్కోప్‌తో ముక్కు లోతట్టును స్పష్టంగా చూడడం సాధ్యమైంది. మొదట ఇది సైనస్ చికిత్సకు ఉపయోగపడింది. సైనస్‌కు వెళ్ళే దారికి వంకరదూలం అడ్డువచ్చినప్పుడు దానిని కూడా అదే పరికరంతో సరిచేయడం మొదలైంది. 1991లో ఆస్ట్రియాకు చెందిన స్టామ్‌బెర్గర్, అమెరికాకు చెందిన లాంజా, ఆయన సహచరులు దీనిని ప్రచురించారు. ఎముక ముల్లు ఉన్నచోటనే చిన్నకోత పెట్టి, దానిని మాత్రమే తీసి, మిగిలిన దూలాన్ని తాకకుండా వదిలివేయడం ఈ పద్ధతి విశిష్టత.

9. పద్ధతుల తులనాత్మక పరిశీలన:

ఈ పద్ధతులను నాలుగు ప్రమాణాలతో పోల్చవచ్చు: ఏం తీస్తారు, ఏం మిగులుస్తారు, ఏ చోటి వంకరకు తగినది, దేనికి తగదు.

సబ్‌మ్యూకస్ రిసెక్షన్‌లో వంకరభాగమంతా పోతుంది. పొరలు, ‘ఎల్’ ఆకారపు పట్టీ మిగులుతాయి. నడిమి, వెనుక భాగాల వంకరకు ఇది పనిచేస్తుంది. ముందంచు వంకరకు తగదు. ఎదిగే పిల్లలకు హానికరం. ఒకనాడు ప్రామాణికమైన ఈ పద్ధతి నేడు విడిగా చేసేది తక్కువ. అయినా పొరను లేపే విద్య, పట్టీని మిగిల్చే నియమం అన్ని పద్ధతులకూ పునాదిగా మిగిలాయి.

సంప్రదాయ సెప్టోప్లాస్టీలో తీసేది తక్కువ, జరిపేది ఎక్కువ. ముందంచు, అడుగు గాడి వంకరలకు ఇది బలమైన పద్ధతి. అవసరాన్ని బట్టి ఆకారాన్ని సరిచేసే శస్త్రచికిత్సతో కలిపి చేయవచ్చు. కాని నుదుటి వెలుతురుకు అందని వెనుకభాగంలో చూపు పరిమితం. లోపలి బిగువును పూర్తిగా సడలించకపోతే వంకర తిరిగివచ్చే అవకాశం ఉంది.

ఎండోస్కోప్ పద్ధతి వెనుకభాగపు ముల్లుకు, పరిమితమైన వంకరకు, గతంలో ఆపరేషన్ అయి పొరలు అతుక్కుపోయినవారికి అనుకూలం. తెరమీద కనిపిస్తుంది కనుక శిష్యులకు నేర్పడం సులువు. కాని ఒకచేత్తో ఎండోస్కోప్ పట్టుకొని రెండోచేత్తో పనిచేయాలి. రక్తం తగిలితే కటకం మసకబారుతుంది. ముందంచు, పైఅంచు వంకరలకు ఇది ఒక్కటే చాలదు.

దూలాన్ని బయటికి తీసి పునర్నిర్మించే పద్ధతి తీవ్రమైన వంకరలకే పరిమితం. ఎక్కువ సమయం, ఎక్కువ నైపుణ్యం కావాలి. తప్పు జరిగితే నష్టమూ ఎక్కువే.

“ఏ పద్ధతి గొప్పది?” అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదని ఈ పరిశీలనవల్ల తెలుస్తోంది. వంకర ఉన్న చోటే పద్ధతిని నిర్ణయిస్తుంది. ఒకే రోగికి ముందుభాగంలో కాటిల్ మార్గం, వెనుకభాగంలో ఎండోస్కోప్ కలిపి వాడడం నేటి ఆచరణలో ఉంది. చరిత్రలో ఒకదాని తరువాత ఒకటిగా వచ్చిన పద్ధతులు శస్త్రచికిత్స బల్లమీద పక్కపక్కన నిలుస్తున్నాయి.

10. శస్త్రచికిత్స అవసరమా? - ఇటీవలి పరిశోధనలు:

పద్ధతుల పోలికకంటే ముందుండవలసిన ప్రశ్న మరొకటి ఉంది. అసలు శస్త్రచికిత్సవల్ల మేలు జరుగుతున్నదా? శతాబ్దంపైగా లక్షలాది ముక్కులకు ఆపరేషన్లు జరిగిన తరువాత ఈ ప్రశ్నకు పెద్ద పరిశోధనలు రావడం ఆశ్చర్యం కలిగిస్తుంది. నెదర్లాండ్స్‌లో 203 మంది పెద్దలపై జరిగిన పరిశోధన 2019లో ‘లాన్సెట్’లో వెలువడింది. 12 నెలల తరువాత ఆరోగ్యస్థితిని కొలిచే మానంలో శస్త్రచికిత్స పొందినవారి సగటు 72.2, పొందనివారి సగటు 63.9, ఇందులో ఎక్కువ అంకె మేలుకు గుర్తు. బ్రిటన్‌లో 378 మందిపై జరిగిన పరిశోధన 2023లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వెలువడింది. అందులో సెప్టోప్లాస్టీని స్టెరాయిడ్, ఉప్పునీటి స్ప్రేల చికిత్సతో పోల్చారు. 6 నెలల తరువాత బాధలను కొలిచే మానంలో శస్త్రచికిత్స వర్గం సగటు 19.9, స్ప్రేల వర్గం సగటు 39.5, ఇందులో తక్కువ అంకె మేలుకు గుర్తు.

ఈ రెండు పరిశోధనలూ శస్త్రచికిత్స పక్షానే నిలిచాయి. అయితే వాటిలో పాల్గొన్నవారు వంకరతోపాటు ఊపిరాడని బాధ కూడా ఉన్నవారు. దూలం కొద్దిగా వంకరగా ఉండి ఏ బాధా లేనివారు ఎందరో ఉంటారు. స్కానింగ్‌లో కనిపించిన ప్రతి వంకరనూ సరిచేయాలని ఈ ఫలితాలు చెప్పవు. శస్త్రచికిత్సలోని ఒక పద్ధతిని మరో పద్ధతితో పోల్చడం కూడా వీటి ఉద్దేశం కాదు. అలర్జీ, టర్బినేట్ల వాపు వంటివి దూలం వంకరతో కలిసి ఉంటే దూలాన్ని మాత్రమే సరిచేయడంవల్ల బాధ పూర్తిగా తీరదు. “మళ్ళీ వచ్చింది” అని రోగి చెప్పే సందర్భాలలో తిరిగివచ్చింది వంకరా, అలర్జీయా అన్నది విడదీసి చూడవలసి ఉంటుంది.

11. ముగింపు:

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు:

1. ప్రాచీన భారతీయ శస్త్రచికిత్సలో ముక్కు పునర్నిర్మాణం ఉన్నది. దూలం వంకర సవరణకు దగ్గరి పోలిక మాత్రం సుశ్రుతుని భగ్నచికిత్సలోని శలాక, గొట్టాల ప్రయోగంలో కనిపిస్తుంది.

2. పద్ధతుల మార్పుకు వ్యక్తుల ప్రతిభతోపాటు కొకైన్, అడ్రినలిన్, ఎండోస్కోప్ వంటి సాధనాలూ కారణాలు.

3. బాస్వర్త్ నుంచి కిలియన్‌కు వచ్చేసరికి పొర మిగిలింది. కిలియన్ నుంచి కాటిల్‌కు వచ్చేసరికి మృదులాస్థి మిగిలింది. ఎండోస్కోప్ పద్ధతిలో వంకరలేని దూలమంతా తాకకుండా మిగిలింది. తొలగింపు నుంచి పరిరక్షణకు సాగిన ఈ ప్రయాణమే ఈ చరిత్రకు సూత్రం.

4. ముక్కు ఆపరేషన్ గురించి జనంలో ఉన్న భయం నిరాధారం కాదు. అతిగా తీసిన కాలపు దుష్ఫలితాలు, మృదులాస్థి బిగువు, తోడుగా ఉండే ఇతర వ్యాధులు దానికి ఆధారాలు. అయితే నేటి పద్ధతులన్నింటికీ దానిని ఒకేరీతిగా వర్తింపజేయడం సరికాదు.

5. పద్ధతిని నిర్ణయించేది వంకర ఉన్న చోటు. కనుక వైద్యుడిని అడగవలసిన ప్రశ్నలు మూడు: నా దూలం ఎక్కడ వంగింది, ఎంత తీస్తారు, ఏం మిగులుస్తారు.

ఇంటిదూలం వంగితే దానిని పెరికివేయరు. కింద ఆసరా నిలిపి సరిచేస్తారు. ముక్కు నడిమి భాగాన్ని దూలమని పిలిచిన భాషలో ఈ మూడు ప్రశ్నలూ అడగడం కష్టమేమీ కాదు. వాటికి అదే భాషలో సమాధానాలు దొరికేలా చూడడం వైద్యులూ భాషాధ్యాపకులూ కలిసి చేయవలసిన పని.